క్రిస్మస్ తాత బండికి సర్కారు బ్రేకు

పండుగను చూసి నవ్విన ఓ బొమ్మల పుస్తకం... డెబ్భై ఏళ్ల కిందట అమెరికాలో ఒక రాష్ట్ర ప్రభుత్వాన్ని ఉలిక్కిపడేలా చేసింది. పిల్లలు ఏం చదవాలో తేల్చాల్సింది సర్కారా, ఇంట్లోవాళ్లా? అప్పటి ఆ ప్రశ్న ఇప్పటికీ పాతబడలేదు.

డిసెంబరు మూడోవారంలో గుడిమల్కాపూర్ పూలమార్కెట్‌ను తెల్లవారకముందే చూడాలి. బంతి, చామంతి రాశులు, గులాబీల మూటలు, లిల్లీ కట్టలు... ఆటోల హారన్ల మధ్య బేరాలు. ధనుర్మాసం అప్పుడే మొదలై ఉంటుంది కాబట్టి గుళ్లకు దండలు కావాలి. క్రిస్మస్ దగ్గరపడుతుంది కాబట్టి చర్చిలకూ పూలు కావాలి. దర్గాలకు ఏడాది పొడవునా కావాల్సిందే. మెహిదీపట్నం పక్కనున్న ఈ పేటలోనే, నిజాం కొలువులో ఉన్న ఝాం సింగ్ కట్టించాడని చెప్పుకునే బాలాజీ గుడి, దాని పక్కనే మసీదు కూడా ఉన్నాయి. ఏ పువ్వు ఏ దేవుడికని అమ్మేవాళ్లు అడగరు. కొనేవాళ్లు చెప్పరు. ఎవరి పండుగ వాళ్లది, ఎవరి ఇష్టం వాళ్లది.

అలాకాకుండా 'ఈ పండుగ చేసుకోవడానికి వీల్లేదు' అని సర్కారు హుకుం జారీచేస్తే? పోనీ, 'పండుగ చేసుకోండి కానీ దానిమీద జోకు వేశారో జాగ్రత్త' అంటే? నమ్మబుద్ధి కాదు కదూ! కానీ ఈ రెండూ జరిగాయి. అదీ ఒకే చోట... అమెరికాలోని మసాచుసెట్స్‌లో. రెంటికీ మధ్య తేడా దాదాపు మూడొందల ఏళ్లు!

పండుగ చేసుకుంటే జరిమానా

మొదటి ముచ్చట ఇంగ్లండులో మొదలవుతుంది. అక్కడ ప్యూరిటన్లనే క్రైస్తవ ఛాందసుల మాట చెల్లుబాటైన రోజులవి. డిసెంబరు 25 అనే తేదీ బైబిల్లో ఎక్కడా లేదనీ, పండుగ పేరుతో జనం తాగి తందనాలాడుతున్నారనీ వాళ్ల అభ్యంతరం. 1647లో పార్లమెంటు క్రిస్మస్‌ను రద్దుచేసింది. జనం ఊరుకోలేదు. కాంటర్‌బరీ పట్టణంలో అల్లర్లు చెలరేగాయి. 1660లో రాజరికం తిరిగొచ్చాక గానీ పండుగ మళ్లీ బాహాటంగా ఇంటికి రాలేదు.

అదే నమ్మకంతో సముద్రం దాటి మసాచుసెట్స్‌లో స్థిరపడ్డవాళ్లు 1659లో ఏకంగా చట్టమే చేశారు. క్రిస్మస్ రోజున పని మానేసినా, విందు చేసుకున్నా అయిదు షిల్లింగుల జరిమానా! 1681లో ఆ చట్టం పోయింది. అయినా ఆ రాష్ట్రంలో క్రిస్మస్ అధికారికంగా సెలవుదినం కావడానికి 1856 దాకా ఆగాల్సి వచ్చింది.

ఇక్కడ ఒక విషయం గుర్తుపెట్టుకోవాలి. నిషేధించినవాళ్లు దైవద్వేషులు కాదు. మహా భక్తులు. తమ దేవుడి గౌరవం కాపాడుతున్నామనే అనుకున్నారు. సరిగ్గా అదే మాట 1953లోనూ వినిపించింది.

తాతను తీర్చిదిద్దింది కార్టూనిస్టే!

ఎర్రకోటు, తెల్లగడ్డం, బొజ్జ, మూటనిండా బహుమతులు... ఇవాళ ఏ ఊళ్లో అడిగినా పిల్లలు చెప్పే క్రిస్మస్ తాత రూపం ఆకాశం నుంచి ఊడిపడలేదు. 1823లో అమెరికాలోని ట్రాయ్ అనే ఊరి పత్రికలో, రాసినవాళ్ల పేరు లేకుండా ఓ పద్యం అచ్చయింది. తర్వాత అది క్లెమెంట్ క్లార్క్ మూర్ రాసిందిగా ప్రసిద్ధికెక్కింది. జింకల బండి, పొగగొట్టంలోంచి ఇంట్లోకి దిగడం లాంటివి జనం నోళ్లలో స్థిరపడింది ఆ పద్యంతోనే. ఆ మాటలకు బొమ్మకట్టినవాడు థామస్ నాస్ట్. వృత్తి... కార్టూన్లు గీయడం! న్యూయార్క్‌లో ప్రజాధనం మేసిన 'బాస్' ట్వీడ్ లాంటి నాయకుడికి తన గీతలతో నిద్రలేకుండా చేసిన మొనగాడు.

ఆ నాస్ట్ 1863 జనవరిలో తొలిసారి గీసిన శాంతా ఏం చేస్తున్నాడో తెలుసా? అంతర్యుద్ధంలో పోరాడుతున్న ఉత్తరాది సైనికుల శిబిరంలో, నక్షత్రాలూ చారలూ ఉన్న కోటు తొడుక్కుని బహుమతులు పంచుతున్నాడు. అంటే జాతీయ జెండానే ఒంటికి చుట్టుకున్నాడన్నమాట. ప్రభుత్వం పక్షాన ప్రచారానికి నిలబడినప్పుడు క్రిస్మస్ తాతకు అవమానం జరిగిందని ఎవరికీ అనిపించలేదు. తొంభై ఏళ్ల తర్వాత మరో చిత్రకారుడు అదే తాతతో నవ్వించబోయేసరికి మాత్రం కొంపలంటుకున్నాయి!

పద్యం పాతదే... బొమ్మలే కొత్తవి

1953 డిసెంబరు. అమెరికాలో కామిక్ పుస్తకాలు కోట్లల్లో అమ్ముడుపోతున్న కాలం. న్యూయార్క్‌లోని ఈసీ కామిక్స్ సంస్థ 'పానిక్' పేరుతో కొత్త హాస్య పుస్తకం మొదలుపెట్టింది. అప్పటికే పేరు తెచ్చుకున్న 'మ్యాడ్'కు ఇది చెల్లెలు. సంపాదకుడు అల్ ఫెల్డ్‌స్టీన్. తొలి సంచికలోనే విల్ ఎల్డర్ అనే చిత్రకారుడు మూర్ పద్యాన్ని తీసుకున్నాడు. పద్యాన్ని అలాగే ఉంచాడు. బొమ్మలు మాత్రం తనిష్టం వచ్చినట్టు గీశాడు. మాటలు భక్తిగా ఒక దారిన వెళుతుంటే, బొమ్మలు అల్లరిగా మరో దారిన పరిగెడతాయి. అదే హాస్యం. అందరికీ బాగా గుర్తుండిపోయిన బొమ్మ ఒకటుంది. క్రిస్మస్ తాత బండి వెనకాల ఓ బోర్డు... 'కొత్తగా విడాకులైంది' అని! పెళ్లయిన జంట కారుకు 'కొత్తగా పెళ్లయింది' అని కట్టుకునే బోర్డును తిరగేశాడన్నమాట.

గొప్ప సాహిత్యమా అంటే, కాదు. కాసేపు నవ్వుకుని పక్కన పడేసే సరుకు. కానీ మసాచుసెట్స్‌లో కొందరికి నవ్వు రాలేదు. పవిత్రమైన పండుగను అపవిత్రం చేశారంటూ ఫిర్యాదులు వెళ్లాయి. రాష్ట్ర అటార్నీ జనరల్ జార్జ్ ఫిన్‌గోల్డ్ రంగంలోకి దిగారు. అమ్మకాలు మీ అంతట మీరు ఆపుతారా, కేసులు పెట్టమంటారా అని హెచ్చరించారు. ఆ రాష్ట్రంలో పుస్తకం అమ్మకాలకు అడ్డుకట్ట పడింది.

ఈసీ అధిపతి విలియం గెయిన్స్‌కు అప్పటికి ముప్ఫయ్యొకటో ఏడు. కెమిస్ట్రీ టీచరు కావాలనుకున్న కుర్రాడు. 1947లో పడవ ప్రమాదంలో తండ్రి పోవడంతో సంస్థ ఇతని నెత్తినపడింది. తండ్రి మాక్స్ గెయిన్స్ ప్రచురించిన వాటిలో బైబిలు బొమ్మల కథలు కూడా ఉన్నాయి. కొడుకు వాటినే ఆయుధం చేసుకున్నాడు. 'మా క్రిస్మస్ కామిక్ మీ రాష్ట్రానికి పనికిరాకపోతే, మా బైబిలు కామిక్ కూడా మీ రాష్ట్రానికి పంపం' అని ప్రకటించాడు. దెబ్బకు దెబ్బ!

గొడవ అక్కడితో ఆగలేదు. న్యూయార్క్‌లోనూ పోలీసులు ఈసీ కార్యాలయానికి వచ్చి 'పానిక్' కొన్నారు. అమ్మినందుకు సంస్థ వ్యాపార వ్యవహారాలు చూసే లైల్ స్టువర్ట్‌ను అరెస్టు చేశారు. ఇక్కడ అభ్యంతరం అదే సంచికలోని మరో పేరడీ కథ గురించి. తీరా కోర్టుకు వెళితే జడ్జి ఆ కేసును కొట్టిపారేశాడు.

డాక్టరుగారి దిగులు

సర్కారు ఓడిపోయింది, పుస్తకం గెలిచింది అనుకుంటున్నారా? అసలు కథ ఇప్పుడే మొదలవుతుంది.

అప్పట్లో అమెరికా తల్లిదండ్రులకు ఓ భయం పట్టుకుంది. పిల్లలు దారితప్పుతున్నారు, దీనికి కామిక్సే కారణం అని. 1948లోనే కొన్ని ఊళ్లలో కామిక్ పుస్తకాలను కుప్పపోసి తగలబెట్టారు. తగలబెట్టిందీ పిల్లలే... పెద్దలు దగ్గరుండి చేయించారు! ఈ భయానికి గొంతుకగా నిలిచినవాడు ఫ్రెడరిక్ వెర్థామ్ అనే మానసిక వైద్యుడు. ఆయన్ని దుర్మార్గుడని కొట్టిపారేయలేం. న్యూయార్క్ హార్లెమ్‌లో పేద నల్లజాతివారి కోసం 1946లో క్లినిక్ నడిపినవాడు. బడుల్లో నల్లజాతి పిల్లలను వేరుగా కూర్చోబెట్టడం వాళ్ల మనసులను ఎలా గాయపరుస్తుందో కోర్టులో చెప్పినవాడు. తన దగ్గరకొచ్చిన పిల్లలు కామిక్స్ చదువుతున్నారని గమనించి, వాళ్ల కష్టాలకు మూలం అదేనని తేల్చేశాడు. కామిక్స్ మీద ఆయన 1954లో రాసిన పుస్తకం సంచలనం సృష్టించింది. అరవై ఏళ్ల తర్వాత కరోల్ టిల్లీ అనే పరిశోధకురాలు ఆయన కాగితాలన్నీ తిరగేసింది. పిల్లలు చెప్పిన మాటలను ఆయన తన వాదానికి తగ్గట్టు మార్చుకున్న చోట్లు బయటపడ్డాయి.

1954 ఏప్రిల్ 21న సెనేట్ ఉపసంఘం ముందు వెర్థామ్, గెయిన్స్ ఇద్దరూ ఒకే రోజు సాక్ష్యం చెప్పారు. ఒక చేత గొడ్డలి, మరోచేత తెగిన ఆడమనిషి తల పట్టుకున్న ముఖచిత్రం చూపించి 'ఇది మంచి అభిరుచేనా?' అని సెనేటర్ కెఫావర్ నిలదీశారు. 'భయానక కథల పుస్తకానికి మంచిదే' అన్నాడు గెయిన్స్. ఆ మాట టీవీలో, పత్రికల్లో మోగిపోయింది. అతని కొంపముంచింది కూడా!

చట్టం చేయనిది భయం చేసింది

విచిత్రమేమంటే, ఆ విచారణ తర్వాత అమెరికా ప్రభుత్వం కామిక్స్‌పై సెన్సారు చట్టమేదీ చేయలేదు. నేరకథల పత్రికలపై న్యూయార్క్ రాష్ట్రం చేసిన చట్టాన్ని అమెరికా సుప్రీంకోర్టు 1948లోనే కొట్టేసింది. సర్కారుకు చేతులు కట్టేసినట్టే. ఉపసంఘం కూడా ప్రభుత్వ సెన్సారు వద్దు, ప్రచురణకర్తలే సర్దుకోవాలి అంది.

ప్రచురణకర్తలు సర్దుకున్నారు. ఎలా? ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టు! 1954లో చాలామంది కలిసి సంఘం పెట్టుకున్నారు. న్యూయార్క్ మెజిస్ట్రేటు చార్లెస్ మర్ఫీని తెచ్చి కూర్చోబెట్టారు. 'కామిక్స్ కోడ్' రాసుకున్నారు. ఆ కోడ్ ముద్ర అట్టమీద లేకపోతే పుస్తకాన్ని పంపిణీదారులు ముట్టుకోరు. నిబంధనలు చూడండి...

నడిచే శవాలు, రక్తపిశాచాలు, నరమాంస భక్షకులు కనపడకూడదు. ఎప్పుడూ మంచే గెలవాలి. పోలీసులు, న్యాయమూర్తులు, ప్రభుత్వాధికారులపై గౌరవం తగ్గేలా కథ ఉండకూడదు. ఏ మతాన్నీ ఎగతాళి చేయకూడదు. ఇక వీటన్నింటి మధ్యా ఒదిగి కూర్చున్న మరో నిబంధన... విడాకుల విషయాన్ని హాస్యంగా చూపకూడదు!

క్రిస్మస్ తాత బండి వెనకాల బోర్డు గుర్తొస్తోందా? అమెరికా మొత్తానికి ఇక అలాంటి బోర్డు కట్టే వీల్లేదు. ఒక రాష్ట్రపు అటార్నీ జనరల్ తన సరిహద్దుల్లో చేయబోయిన పనిని, ఏ చట్టమూ లేకుండా, ఏ కోర్టుకూ వెళ్లే దారి లేకుండా, వ్యాపారులే దేశమంతటా చేసిపెట్టారు. సర్కారు నిషేధిస్తే న్యాయమూర్తి ఉంటాడు. కారణం అడుగుతాడు. ఎవరికి వాళ్లు నోరు కుట్టేసుకుంటే ఏ న్యాయమూర్తి విప్పగలడు?

దీని పర్యవసానం రెండు సంఘటనల్లో కనిపిస్తుంది.

ఒకటి 1956 నాటిది. గెయిన్స్ సంస్థ ఓ పాత కథను మళ్లీ అచ్చుకు పంపింది. భూమి నుంచి వెళ్లిన తనిఖీ అధికారి ఓ గ్రహానికి చేరతాడు. అక్కడన్నీ మరమనుషులే. నారింజరంగువి పెత్తనం చేస్తుంటాయి, నీలంరంగువి అణగిమణగి ఉంటాయి. లోపల యంత్రం ఒకటే, తేడా పైరంగులోనే. ఇంకా మీరు ఎదగలేదని చెప్పి అతను వెనుదిరుగుతాడు. చివరి బొమ్మలో శిరస్త్రాణం తీస్తే... అతను నల్లజాతి మనిషి. అంతే కథ. వివక్ష తప్పని ఇంతకన్నా సున్నితంగా పిల్లలకు ఎవరు చెప్పగలరు? కానీ మర్ఫీ కార్యాలయం ఆ మనిషి నల్లగా ఉండకూడదంది! అతను నల్లవాడు కాకపోతే కథే లేదు. గెయిన్స్ మొండికేశాడు, ఉన్నదున్నట్టు అచ్చేశాడు. ఈసీ నుంచి వచ్చిన ఆఖరి కామిక్ పుస్తకం అదే. 1955లోనే 'మ్యాడ్'ను కామిక్ పుస్తకం సైజు నుంచి పత్రిక సైజుకు మార్చేసుకున్నాడు కాబట్టి అది కోడ్‌కు అందకుండా బతికిపోయింది.

రెండోది 1971 నాటిది. మాదకద్రవ్యాల ప్రమాదం గురించి పిల్లలకు చెప్పే కథ రాయమని సాక్షాత్తూ అమెరికా ఆరోగ్య, విద్యా శాఖే 'స్పైడర్‌మ్యాన్' రచయిత స్టాన్ లీని కోరింది. ఆయన రాశాడు. కోడ్ సంఘం ముద్ర వేయనంది... మాదకద్రవ్యాల ప్రస్తావనే కూడదట. ప్రభుత్వం కావాలన్న మంచిమాటకు కూడా ఆ కంచె అడ్డుపడింది! చివరకు ముద్ర లేకుండానే మూడు సంచికలు వెలువడ్డాయి. ఆ ఏడాదే కోడ్‌ను కాస్త సడలించారు. 2011లో ఆఖరి ప్రచురణకర్తలూ వదిలేయడంతో ఆ ముద్ర కనుమరుగైంది. పుట్టింది ఒక భయంలో... పోయేసరికి యాభై ఏడేళ్లు!

పిశాచం కోసం పిల్లల వేట

ఈ భయం అట్లాంటిక్ దాటింది. 1954 సెప్టెంబరులో బ్రిటన్‌లోని గ్లాస్గో నగరంలో వందలాది పిల్లలు కర్రలూ కత్తులూ పట్టుకుని శ్మశానంలోకి చొరబడ్డారు. ఇనుప దంతాల పిశాచం ఇద్దరు పిల్లల్ని మింగేసిందట, దాన్ని చంపాలట! పిల్లలెవరూ తప్పిపోలేదు. అమెరికా కామిక్సే ఈ పిచ్చి ఎక్కించాయని పెద్దలు తేల్చారు. ఇనుప దంతాల మృగం బైబిలులోని దానియేలు గ్రంథంలోనే ఉందన్న సంగతి చాలామందికి తట్టలేదు. మరుసటి ఏడాదే బ్రిటన్ 'హానికర ప్రచురణల' చట్టం చేసింది.

దాని నీడ మన దేశం మీదా పడింది. ఆంధ్రప్రదేశ్ అవతరించిన 1956లోనే భారత పార్లమెంటు కూడా ఇలాంటి చట్టాన్నే ఆమోదించింది. బొమ్మలతోనో, మాటలతోనో చెప్పిన కథల్లో నేరాలు, క్రూరత్వం, జుగుప్స, భయానక సంఘటనలు ఉండి... అవి చదివినవాళ్లను చెడగొట్టేలా ఉంటే నేరం. ఎవరిని? ఇరవై ఏళ్లలోపు వాళ్లను. శిక్ష ఆరు నెలల దాకా జైలు. అలాంటి పుస్తకాల ప్రతులన్నీ స్వాధీనమయ్యేలా గెజిట్‌లో ప్రకటించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఇచ్చారు. అయితే ఒక మేలు... కారణాలు చెప్పాలి, బాధితులు అరవై రోజుల్లో హైకోర్టుకు వెళ్లొచ్చు. అమెరికా వ్యాపారులు రాసుకున్న కోడ్‌లో లేని కిటికీ ఇదే.

అచ్చు మీద అదుపు తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు. అటు మద్రాసు ప్రభుత్వం ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి' నవలను నిషేధించింది. 1937లో కాంగ్రెస్ మంత్రివర్గం వచ్చాక గానీ దానికి పూర్తిగా విముక్తి దొరకలేదు. ఇటు నిజాం రాజ్యంలో సభ పెట్టుకోవాలన్నా ముందస్తు అనుమతి కావాలనే 'గస్తీ నిషాన్ 53' గురించి పాతతరం కథలుగా చెప్పేది. స్వాతంత్య్రం వచ్చాక 1975 అత్యవసర పరిస్థితిలో పత్రికలపై సెన్సారు పడింది. కార్టూన్లకే అంకితమైన 'శంకర్స్ వీక్లీ' ఆ ఏడాదే మూతపడింది. నవ్వు బతకాలంటే చుట్టూ గాలి ఆడాలి మరి!

బేతాళుడికి ముద్ర పడేదా?

ఆ అమెరికా కోడ్‌ను మన ఇంటికి తెచ్చి చూద్దాం. 'నడిచే శవాలు, పిశాచాలు నిషిద్ధం'. మరి పట్టువదలని విక్రమార్కుడి సంగతేంటి? చెట్టుమీది శవాన్ని భుజానేసుకుని శ్మశానంలో నడవడంతోనే కదా ప్రతి కథా మొదలయ్యేది! శవంలోని బేతాళుడు మాట్లాడతాడు. ప్రశ్న అడుగుతాడు. తెలిసీ చెప్పకపోయావో తల వెయ్యి వక్కలవుతుందని బెదిరిస్తాడు. కోడ్ లెక్క ప్రకారం ఇందులో ఏదీ నిలవదు. కత్తి చేతపట్టి, శవాన్ని భుజాన వేసుకున్న రాజు బొమ్మను 'చందమామ'లో శంకర్ గీస్తే, తరాల తెలుగు పిల్లలు కళ్లప్పగించి చూశారు. రాత్రి దుప్పటి కప్పుకుని వణికారు. మరుసటి నెల కోసం మళ్లీ ఎదురుచూశారు. వాళ్లలో ఎవరూ ఆ కథలు చదివి శ్మశానాల వెంట పడలేదు. ఒక చిక్కుముడి ముందు ఏది న్యాయమో ఆలోచించడం నేర్చుకున్నారు. భయం ఆ పాఠానికి గుమ్మం మాత్రమే.

అలాగని పిల్లల చేతికి ఏదైనా ఇచ్చేయొచ్చా? అదీ కాదు. తెగిన తల ముఖచిత్రం చూసి బాధపడ్డ అమెరికా తల్లి బాధ అబద్ధం కాదు. ఆమెకు ఇవాళ మన ఇళ్లలోని తల్లి బాధ తోడవుతుంది. అప్పుడు వీధి చివర దుకాణంలో కామిక్ పుస్తకం. ఇప్పుడు దిండు కింద ఫోను. అందులో ఏమొస్తుందో ఇంట్లో ఎవరికీ తెలియదు. 'ప్రభుత్వం ఏం చేస్తోంది?' అన్న మాట తేలిగ్గా వచ్చేస్తుంది. చిన్నపిల్లల్ని అడ్డంపెట్టుకుని నేరాలు చేసేవాళ్లను పట్టుకోవడం, శిక్షించడం ప్రభుత్వం పనే. అందులో అనుమానం లేదు. కానీ ఏ కథ భయపెట్టాలి, ఏ జోకుకు నవ్వాలి అన్న లెక్క కూడా దానికే అప్పగిస్తే, విడాకుల బోర్డు దగ్గర మొదలైన కత్తెర నల్లజాతి వ్యోమగామి ముఖం దాకా వెళుతుంది. కత్తెరకు చెడు ఏదో, మంచి ఏదో తెలియదు. తెలిసేది ఒక్కటే... తన పైవాళ్లకు ఏది ఇబ్బందో!

మరి ఇంట్లో పని ఎలా ఉంటుంది? గుడిమల్కాపూర్‌లోని ఏదో ఒక ఇల్లు అనుకుందాం. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పరిచిన పాత పుస్తకాల్లోంచి పదేళ్ల పిల్ల ఓ దయ్యాల బొమ్మల పుస్తకం తెచ్చుకుంది. తండ్రి చూశాడు.

"గదేం పుస్తకం బిడ్డా?"

"దయ్యాల కత నాయినా. మస్తుంది."

"రాత్రి భయపడవా మరి?"

"భయమైతది. గందుకే నువ్వు పక్కన కూసో... సదువుత."

ఆ తండ్రి ముందు రెండు దారులున్నాయి. పుస్తకం లాక్కుని అటక మీద పడేయొచ్చు. పిల్ల ఇంకోచోట, ఇంకెవరూ లేనప్పుడు అదే చదువుతుంది. లేదా పక్కన కూర్చోవచ్చు. నచ్చని బొమ్మ వస్తే 'ఇది నాకు నచ్చలేదు, ఎందుకంటే...' అని చెప్పొచ్చు. ఈ వయసుకు తగదనిపిస్తే ఇప్పుడొద్దనీ చెప్పొచ్చు. గెజిట్ కాగితం 'ఎందుకంటే' అని ఒక్కసారే చెప్పి ఊరుకుంటుంది. తండ్రి రోజూ చెప్పగలడు, పిల్ల మాట విని మనసు మార్చుకోనూగలడు. అదేదో గొప్ప సంస్కరణ కాదు. రోజుకో అరగంట పని. బహుశా అందుకే కష్టం. నిషేధం కోరేటప్పుడు మనకు తెలియకుండా అడుగుతున్నది ఆ అరగంట నుంచి సెలవేనేమో!

ఇక దేవుడి మీద జోకు సంగతి. తెలుగింట పుట్టిన ప్రతి పిల్లకూ తెలిసిన కథే. కాళికాదేవి వెయ్యి ముఖాలతో ప్రత్యక్షమైతే తెనాలి రామకృష్ణుడు దండం పెట్టబోయి పకపకా నవ్వేశాడు. ఎందుకురా అని అమ్మ గద్దించింది. 'ఒక్క ముక్కుకు జలుబు చేస్తేనే మాకు రెండు చేతులు చాలవు తల్లీ, వెయ్యి ముక్కులకు చేస్తే నీ గతేంటి?' అన్నాడు. ఆ తల్లి పోలీసుల్ని పిలవలేదు. తనూ నవ్వి, వికటకవివి కమ్మని దీవించింది. గుళ్లో పూజలు తగ్గలేదు. అమ్మవారి మహిమా తరగలేదు.

మసాచుసెట్స్‌లోనూ అంతే. 'పానిక్' పుస్తకం వచ్చిన ఏడాదీ డిసెంబరు 25న గంటలు మోగాయి. పిల్లలు బహుమతులు విప్పుకున్నారు. విడాకుల బోర్డు కట్టిన బండివల్ల క్రిస్మస్ తాతకు ఒక్క ఇల్లూ దూరం కాలేదు. ఆ నవ్వును ఆపబోయిన భయమే, యాభై ఏడేళ్లపాటు ఎన్నో కథలను పిల్లలకు దూరం చేసింది.